డెస్క్‌టాప్ ఏ డ్రైవులో ఉంటుంది?

'సీ డ్రైవులో ఏమైనా ఉన్నాయా అంకుల్?'

'ఏం లేవు బాబూ. మన పనంతా డీలోనే.'

కొత్తగా విండోస్ వేసేముందు ఈ ప్రశ్న అడగని సర్వీసు కుర్రాడు ఉండడు. ఈ జవాబు చెప్పని కస్టమరూ ఉండడు. ఇద్దరూ నిజమే మాట్లాడుకున్నామనుకుంటారు. అవతల పని మొదలైపోతుంది.

గుంటూరు జిల్లాలో ఓ చిన్న పట్టణం. బస్టాండు ఎదురు సందులో పాతికేళ్లుగా నడుస్తున్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, స్కూలు వార్షికోత్సవాల ఆహ్వానాలు... ఊళ్లో ఏ శుభమైనా, అశుభమైనా ముందు ఆ షాపు మెట్లెక్కాల్సిందే. టైపు చేసేది ఆయన. ప్రూఫులు చూసేది, డబ్బులు వసూలు చేసేది ఆవిడ. సిస్టం 2019లో కొన్నది, విండోస్ 10తో వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఆ సంగతి చెబుతూ తెర మీద మాటిమాటికీ ఓ హెచ్చరిక. పైగా సిస్టం నత్తనడక. 'కొత్తది వేసేద్దాం అంకుల్, గంటన్నరలో అయిపోతుంది' అన్నాడు కుర్రాడు. అన్నట్టే గంటన్నరలో విండోస్ 11 వేసి, డబ్బులు తీసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.

తెర తళతళా మెరిసిపోతోంది. మీద రీసైకిల్ బిన్ తప్ప పెద్దగా ఏమీ లేదు. పేజ్‌మేకర్ లేదు. కోరల్‌డ్రా లేదు. తెలుగు టైపు చేసే సాఫ్టువేరు లేదు. ట్యాలీ లేదు. ఆయన కంగారుపడలేదు. ప్రోగ్రాములు మళ్లీ వేసుకోవాలని ఆయనకు తెలుసు. డీ డ్రైవు తెరిచి చూశారు. శుభలేఖలన్నీ సంవత్సరాలవారీగా ఉన్నచోటే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. డెస్క్‌టాప్ మీద ఎడమచేతి మూల 'మాస్టారు' అని ఓ ఫోల్డర్ ఉండాలి. లేదు.

ఆ ఊళ్లో ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరైన మాస్టారొకరు ఊరి చరిత్ర రాశారు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ వీధికి ఆ పేరెందుకొచ్చింది, తుపాను ఏడాది ఎవరింట్లో ఎంతమంది తలదాచుకున్నారు... ఇలాంటివన్నీ. మూడేళ్లపాటు రోజూ సాయంత్రం షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, దిద్దించుకుంటూ పోయారు. 240 పేజీలైంది. చివరి ప్రూఫు చూసిన నెల తిరక్కుండానే ఆయన పోయారు. సంవత్సరీకానికి పుస్తకం తేవాలని కూతురు పట్టుదలగా ఉంది. ఇంకా రెండు నెలలే. మాస్టారి రాతప్రతి ఉందిగానీ, మూడేళ్ల దిద్దుబాట్లున్నది ఆ ఫోల్డర్లోనే. రోజూ తెరిచేదే కదా, చేతికందేలా ఉంటుందని డెస్క్‌టాప్ మీద పెట్టారు. డెస్క్‌టాప్ ఎక్కడుంటుంది? సీ డ్రైవులో, యూజర్స్ అనే ఫోల్డర్లో, సిస్టం వాడే మనిషి పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల. తెర మీద కనిపిస్తుంది కాబట్టి అది ఏ డ్రైవుకూ చెందనిదని చాలామంది అనుకుంటారు. మై డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కూడా అక్కడివే.

కుర్రాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంతలో సిస్టమే ఓ సలహా ఇచ్చింది: సీ డ్రైవు నిండిపోవచ్చింది, అక్కర్లేనివి తీసేస్తే దాదాపు నలభై జీబీ ఖాళీ అవుతుంది, తీసేయమంటారా? ఆయన బాణం గుర్తును ఆ బటన్ మీదికి తీసుకెళ్లారు. 'కాస్త ఆగండి, అమ్మాయిని అడిగి నొక్కుదురుగానీ' అన్నారావిడ. ఆ ఒక్క మాట మొత్తం కథను మార్చేసింది.

అమ్మాయంటే ఆయన తమ్ముడి కూతురు. హైదరాబాద్‌లో ఉద్యోగం. విషయం వినగానే ఆ పిల్ల అన్న మొదటి మాట: 'పెదనాన్నా, ఏమీ తీసేయకండి. ఏమీ కొత్తగా వేయకండి కూడా. ముందు సీ డ్రైవు తెరిచి చూడండి, విండోస్ డాట్ ఓల్డ్ అని ఏదైనా ఉందా?'

ఉంది. ఆ నలభై జీబీ అదే.

పాత సామాను గది

ఊళ్లలో 'ఫార్మాట్ కొట్టాం' అనడం అలవాటు. నిజానికి కొన్నిసార్లు జరిగేది ఫార్మాట్ కాదు. పెన్‌డ్రైవుతో విండోస్ వేసేటప్పుడు ఏ పార్టిషన్‌లో వేయాలో అడుగుతుంది. అక్కడ ఫార్మాట్ నొక్కకుండా నేరుగా ముందుకెళితే, ఇన్‌స్టాలర్ పాత విండోస్‌నీ, ప్రోగ్రాం ఫైల్స్‌నీ, యూజర్ల ఫోల్డర్లనీ మూటగట్టి విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్లో పెడుతుంది. ఆ సంగతి చిన్న డబ్బాలో చెబుతుంది కూడా. ఎవరూ చదవరు. తొందరలో ఫార్మాట్ నొక్కడం మరిచిపోయిన కుర్రాడే ఈ ఇంటికి మేలు చేశాడన్నమాట!

అయితే ఈ సామాను గదికి గడువుంది. పాత విండోస్ నుంచి కొత్తదానికి అప్‌గ్రేడ్ అయినప్పుడు పది రోజుల తర్వాత దాన్ని విండోసే తీసేస్తుంది. డిస్క్ క్లీనప్‌లోనూ, స్టోరేజ్ సెట్టింగ్స్‌లోనూ 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' పేరుతో కనిపించేది ఇదే. చోటు మిగులుతుందని టిక్కు పెడితే పోతుంది, రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు. అందుకే కొత్త విండోస్ పడిన మొదటి రోజే చేయాల్సిన పని శుభ్రం చేయడం కాదు, ఈ ఫోల్డర్‌ను వెతకడం. దొరికితే దాన్నలాగే ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుంటే సగం బరువు దిగినట్టే.

ఆ రాత్రి ఫోన్లో ఆ పిల్ల చెబుతుంటే ఈయన ఒక్కో ఫోల్డరూ తెరుచుకుంటూ వెళ్లారు. విండోస్ డాట్ ఓల్డ్, అందులో యూజర్స్, అందులో షాపు పేరు. అక్కడ 'మీకు అనుమతి లేదు' అంది సిస్టం. తన షాపు ఫోల్డరే తనను లోపలికి రావద్దంటోందని ఆయన చిన్నబుచ్చుకున్నారు. పాత యూజరు, కొత్త యూజరు పేర్లు ఒకటే అయినా విండోస్ దృష్టిలో ఇద్దరూ వేర్వేరు మనుషులు. 'కంటిన్యూ' నొక్కితే కాసేపు ఆలోచించి లోపలికి రానిస్తుంది. రానిచ్చింది. డెస్క్‌టాప్ అనే ఫోల్డర్. అందులో 'మాస్టారు'. లోపల పన్నెండు ఫైళ్లు.

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఆయన మాత్రం అప్పటికే డీ డ్రైవులోకి కాపీ కొడుతున్నారు. 'డీ చాలదు పెదనాన్నా, పెన్‌డ్రైవులో కూడా వేయండి. డీ కూడా అదే డిస్కులో ముక్క' అంది అమ్మాయి. ఇదీ చాలామందికి తట్టని విషయమే. సీ, డీ వేర్వేరు గదులు, ఇల్లు ఒకటే. డిస్కు చెడితే రెండూ పోతాయి.

స్టవ్వు మోసుకొస్తే గ్యాస్ వస్తుందా?

ఫైళ్లు దొరికాయి. తెరవడానికి పేజ్‌మేకర్ కావాలి. ఆయనకో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పాత ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్ మొత్తం విండోస్ డాట్ ఓల్డ్‌లో ఉంది కదా, పేజ్‌మేకర్ ఫోల్డర్‌ను తెచ్చి కొత్తచోట పెట్టేస్తే?

పెట్టారు. నొక్కారు. ఏదో ఫైలు దొరకలేదంటూ మూసుకుపోయింది.

ఈ ఆశ ఆయన ఒక్కరిదే కాదు. డాస్ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్న తరానికి ఇది సహజం. అప్పట్లో చాలా ప్రోగ్రాములు ఓ డైరెక్టరీలో ఒద్దికగా ఉండేవి. ఫ్లాపీలో కాపీ చేసి పక్క సిస్టంలో వేస్తే నడిచేవి. 1995లో విండోస్ 95 వచ్చాక లెక్క మారింది. ప్రోగ్రాం ఇప్పుడు ఒకచోట ఉండదు. దాని ఒళ్లు ప్రోగ్రాం ఫైల్స్‌లో ఉంటుంది. కొన్ని అవయవాలు విండోస్ ఫోల్డర్లోని సిస్టం 32లో. లైసెన్సు ముక్క తరచూ ప్రోగ్రాం డేటా అనే దాగి ఉండే ఫోల్డర్లో. వాడేవారి ఇష్టాయిష్టాలు యూజరు ఫోల్డర్లోని యాప్‌డేటాలో. ఇవన్నీ ఎక్కడెక్కడున్నాయో రాసిపెట్టిన చిట్టా రిజిస్ట్రీలో. కొత్త విండోస్‌తో కొత్త రిజిస్ట్రీ వస్తుంది. అందులో పాత ప్రోగ్రాం ఊసే ఉండదు. అద్దె ఇల్లు మారినప్పుడు స్టవ్వును భుజాన వేసుకుని మోసుకొచ్చినట్టే ఇది. గ్యాస్ కనెక్షన్ కాగితం పాత ఇంటి పేరు మీదే ఉంది మరి!

కొన్ని చిన్న ప్రోగ్రాములు మాత్రం ఈ తరహావి కావు. పోర్టబుల్ అనే రకం ఫోల్డర్‌తో సహా ఎక్కడికి తీసుకెళ్లినా నడుస్తాయి. మిగతావాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ప్రోగ్రాములన్నీ తిరిగి రప్పిస్తామని చెప్పే సాఫ్టువేర్ల ప్రకటనలకు పోయేకంటే ఓ పూట కూర్చుని ఒక్కోటీ వేసుకోవడమే మేలు.

ఏమేం ఉండేవో గుర్తులేకపోతే? అదీ సామాను గదిలోనే దొరుకుతుంది. విండోస్ డాట్ ఓల్డ్‌లో ప్రోగ్రాం డేటా, మైక్రోసాఫ్ట్, విండోస్, స్టార్ట్ మెనూ, ప్రోగ్రామ్స్... ఈ వరసలో వెళితే పాత స్టార్ట్ మెనూ యథాతథంగా కనబడుతుంది. నొక్కితే పనిచేయదుగానీ పేర్లు తెలుస్తాయి. ఫోల్డర్లు కనిపించకపోతే పైన వ్యూ మెనూలో 'హిడెన్ ఐటమ్స్' మీద టిక్కు పెట్టాలి. కాస్త చేయి తిరిగినవాళ్లయితే రిజిస్ట్రీ ఎడిటర్లో 'లోడ్ హైవ్' అనే సదుపాయంతో పాత విండోస్‌లోని సిస్టం 32, కాన్ఫిగ్ ఫోల్డర్లో ఉన్న 'సాఫ్ట్‌వేర్' ఫైలును తెరిచి, అన్‌ఇన్‌స్టాల్ జాబితాలో పాత ప్రోగ్రాముల పేర్లు, వెర్షన్లు చదువుకోవచ్చు. చూశాక 'అన్‌లోడ్' చేయడం మరవకూడదు. రిజిస్ట్రీ పేరు వింటేనే భయపడేవాళ్లకు స్టార్ట్ మెనూ చాలు.

బయటినుంచి విండోస్ వేయకుండా సెట్టింగ్స్‌లోని 'రీసెట్ దిస్ పీసీ'తో, ఫైళ్లు ఉంచమని చెప్పి చేస్తే పని ఇంకా సులువు. తీసేసిన ప్రోగ్రాముల జాబితాను విండోసే రాసి డెస్క్‌టాప్ మీద పెడుతుంది. 'రిమూవ్డ్ యాప్స్' అని పేరుంటుంది. అదేదో వైరస్ అనుకుని డిలీట్ చేసేవాళ్లూ ఉన్నారు.

ఇక కీలు. విండోస్ 10 డిజిటల్ లైసెన్సున్న మదర్‌బోర్డయితే విండోస్ 11కి మళ్లీ కీ అడగదు, నెట్ తగలగానే గుర్తుపడుతుంది. ఈమధ్య కొన్న ఆఫీస్ అయితే కొన్నప్పుడు వాడిన ఈమెయిల్ అకౌంటుతో లాగిన్ అయితే సరిపోతుంది. పాతకాలం ప్రోగ్రాములకే చిక్కు. వాటి కీ సీడీ డబ్బా మీద ఉంటుంది. ఆ డబ్బా ఎక్కడుంటుందో దేవుడికే తెలియాలి.

ఈ ఇంట్లో దేవుడి బదులు ఆవిడకు తెలుసు. సీడీలు బీరువాలో ఎల్‌ఐసీ కాగితాల కింద ఉన్నాయి. వాటి కీలు చిట్టాపద్దుల పుస్తకం చివరి పేజీలో, పాల లెక్క పక్కన, ఆవిడ చేతిరాతలో ఉన్నాయి. సున్నాకీ, 'ఓ' అక్షరానికీ తేడా తెలియాలని సున్నాలకు అడ్డగీత కూడా పెట్టారు. కొన్ననాడే రాసుకున్నారట. దీనికి బదులు 'అన్ని సాఫ్టువేర్లూ ఒకే డీవీడీలో' అంటూ దొంగ కాపీలు తెచ్చి వేయించుకున్న షాపులకు ఈ చిట్టా ఉండదు. ఫార్మాట్ అయిన ప్రతిసారీ ఆ డీవీడీ ఉన్న కుర్రాడి కోసం పడిగాపులు కాయాల్సిందే. ప్రోగ్రాంతోపాటు వైరస్ కూడా రావచ్చు, ఆ ఖర్చు వేరే.

పేజ్‌మేకర్ 7ని ఎడోబ్ 2001లో తెచ్చింది. 2004లో దాని మీద పని ఆపేసింది. అయినా తెలుగు డీటీపీ షాపుల్లో అది ఇంకా బతికే ఉంది. 32 బిట్ ప్రోగ్రాం కాబట్టి కొత్త సిస్టంలలోనూ 'కంపాటిబిలిటీ' సెట్టింగ్ మార్చి నడుపుకొంటున్నారు. అంతకు ముందటి కాలం ప్రోగ్రాములతో ఆ అదృష్టం లేదు. వాటిలో కొన్నింటి ఇన్‌స్టాలర్లు 16 బిట్‌వి. విండోస్ 11 అంతా 64 బిట్టే, వాటిని అసలు దగ్గరికి రానివ్వదు.

తెలుగంతా ఏమైపోయింది?

మర్నాడు పొద్దున పేజ్‌మేకర్ ఎక్కింది. ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకుని మాస్టారి మొదటి అధ్యాయం తెరిచారు. ఫాంటు దొరకలేదు, బదులు వేరేది పెట్టమంటారా అని అడిగితే ఓకే అన్నారు.

పేజీ నిండా ఇంగ్లిషు అక్షరాలు. నెత్తిన టోపీలు పెట్టుకున్న అక్షరాలు, కింద కొక్కేలు తగిలించుకున్నవి, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు. ఒక్క తెలుగు ముక్క లేదు. డీ డ్రైవులోంచి ఓ శుభలేఖ తెరిచారు. అదీ అంతే. పాతికేళ్ల పెళ్లిళ్లన్నీ పిచ్చిరాతలైపోయాయి.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. రాత్రి ఫోల్డర్ పోయినప్పుడు కూడా అంత దిగులు పడలేదు.

నిజానికి ఒక్క అక్షరం కూడా పోలేదు. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్ల కిటుకే అది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత నంబర్లున్నాయి. 1991లో వచ్చిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటిచ్చారు. కానీ డీటీపీ కోసం తయారైన ఆ పాత ఫాంట్లు ఆ నంబర్లను వాడవు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న నంబర్లనే తీసుకుని, ఆ చోట తెలుగు బొమ్మలు గీస్తాయి. ఫైలులో ఉన్నది ఇంగ్లిషు నంబరు, కంటికి కనిపించేది తెలుగు ముక్క. తలకట్టు ఒకటి, ఒత్తు ఒకటి, గుడి ఒకటి... ముక్కలు అతికితే అక్షరం. ఫాంటు ఉన్నంతకాలం వేషం బాగానే ఉంటుంది. ఫాంటు పోయిన రోజున వేషం తీసేసి ఇంగ్లిషు బయటపడుతుంది. ఫాంటు తిరిగి రాగానే తెలుగూ వచ్చేస్తుంది.

అక్కడే ఓ ప్రమాదం ఉంది. బదులు ఫాంటుతో తెరిచిన ఫైలును అలాగే సేవ్ చేస్తే, ఎక్కడెక్కడ ఏ ఫాంటు ఉండేదో ఆ సమాచారం చెరిగిపోవచ్చు. అప్పుడు ఫాంటు తెచ్చుకున్నా పుట పుటా కూర్చుని మళ్లీ వేసుకోవాలి. పిచ్చిరాతలు కనిపిస్తే సేవ్ చేయకుండా మూసేయాలి. అంతే.

'సేవ్ చేయలేదు కదా పెదనాన్నా?' అని ఆ పిల్ల మూడుసార్లు అడిగింది. చేయలేదు.

ఫాంట్లు పాత విండోస్ ఫోల్డర్లోని ఫాంట్స్ అనే ఫోల్డర్లో ఉంటాయి, అంటే విండోస్ డాట్ ఓల్డ్ లోపల. తెరిస్తే మళ్లీ దెబ్బ. లోపల కొత్త విండోస్ ఫాంట్లే కనబడుతున్నాయి, ఒక్క తెలుగు డీటీపీ ఫాంటూ లేదు. ఇది ఎక్స్‌ప్లోరర్ చేసే చిత్రం. ఫాంట్స్ ఫోల్డర్‌ను అది మామూలు ఫోల్డర్‌లా చూడదు. పాతదాన్ని తెరిచినా ఒక్కోసారి ఇప్పుడు నడుస్తున్న ఫాంట్ల జాబితానే చూపిస్తుంది. చాలామంది ఇక్కడే 'పోయాయి' అనుకుని వదిలేస్తారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, కాపీ ఆదేశంతో ఆ ఫోల్డర్లోని టీటీఎఫ్ ఫైళ్లన్నింటినీ డీ డ్రైవులో ఓ కొత్త ఫోల్డర్లోకి తెచ్చుకుంటే అసలు సరుకు బయటపడుతుంది. ఆ అమ్మాయి ఆదేశాన్ని ఒక్కో అక్షరం చెబుతుంటే ఆయన టైపు చేశారు. ఎంటర్ కొట్టగానే తెర మీద ఫైళ్ల పేర్లు జలజలా రాలాయి. కావాల్సినవి ఎంచుకుని, కుడివైపు బటన్ నొక్కి 'ఇన్‌స్టాల్' అన్నారు.

ఫాంటు కూడా కొనుక్కున్న సాఫ్టువేరేనన్నది గుర్తుంచుకోవాలి. ఈ షాపుకు లైసెన్సుంది కాబట్టి ఇబ్బంది లేదు. చదవడానికి, ప్రింటు తీయడానికి ఫాంటు చాలు. కానీ అదే పద్ధతిలో మళ్లీ టైపు చేయాలంటే కీబోర్డును నడిపే ప్రోగ్రాం ఉండాలి. అది సీడీ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. ఇక్కడా అదే తేడా: ఫాంటు మోసుకొస్తే వచ్చింది, ప్రోగ్రాం రాలేదు.

ఇళ్లలో యూనికోడ్ తెలుగు మాత్రమే వాడేవాళ్లకు ఇంత గొడవ లేదు. అయితే వాళ్లకీ ఓ చిన్న వెలితి కనిపించొచ్చు. 2001లో ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, తర్వాత వచ్చిన వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి అందరికీ ముందే వేసి ఉండవు. వాటితో రాసుకున్న ఉత్తరాలు వేరే ఫాంటులో కనబడి పేజీలు అటూఇటూ అవుతాయి. సెట్టింగ్స్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్' లోకెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎంచుకుంటే రెండూ ఉచితంగా వస్తాయి. ఇంగ్లిషు స్పెల్లింగుతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉంది. భాషల జాబితాలో తెలుగు చేర్చుకోవడమే.

ట్యాలీ లెక్క త్వరగానే తేలింది. ట్యాలీ ప్రోగ్రాం మళ్లీ వేసుకోవచ్చు, లెక్కలే ముఖ్యం. వాటిని అది తరచూ యూజర్స్ ఫోల్డర్లోని 'పబ్లిక్' లోపల దాస్తుంది. 10000, 10001 లాంటి అంకెలతో ఫోల్డర్లుంటాయి. పేరు లేని అంకెల ఫోల్డర్లు కదా అని తీసేస్తే ఓ ఏడాది జీఎస్టీ లెక్క గల్లంతే. ఆవిడ వాటిని చూడగానే గుర్తుపట్టారు.

క్రోమ్‌లోని బుక్‌మార్కులు యాప్‌డేటాలోని పాత ఫైలుతో వచ్చేస్తాయి. పాస్‌వర్డులు రావు. వాటికి పాత విండోస్ యూజరు పేరుతో తాళం పడి ఉంటుంది, ఫైలు కాపీ చేసినంత మాత్రాన తెరుచుకోదు. గూగుల్ అకౌంటుతో ముందే జత చేసుకుని ఉంటే లాగిన్ కాగానే వచ్చేస్తాయి. కాకపోతే ఒక్కోటీ మార్చుకోవడమే.

సామాను గదే లేకపోతే?

నిజంగా ఫార్మాట్ కొట్టేసి ఉంటే విండోస్ డాట్ ఓల్డ్ ఉండదు. అప్పుడు దారి డిస్కును బట్టి ఉంటుంది. పాతరకం తిరిగే హార్డ్‌డిస్కయితే ఆశ ఉంది. మామూలుగా కొట్టే క్విక్ ఫార్మాట్ విషయసూచికను చింపేస్తుందిగానీ పుటలను వెంటనే చెరపదు. సిస్టం ఆపేసి, డిస్కు విప్పి, మరో సిస్టంకు తగిలించి వెతకాలి. ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్ లాంటివి ఉచితం. మైక్రోసాఫ్ట్ కూడా 2020లో విండోస్ ఫైల్ రికవరీ అనేదాన్ని ఉచితంగానే ఇచ్చింది. దొరికినవాటిని అదే డిస్కులో కాకుండా వేరే డిస్కులో సేవ్ చేయాలి. ఈలోగా కొత్త విండోస్‌లో సినిమాలు దించుకుంటూ కూర్చుంటే పాత పుటల మీద కొత్త రాత పడిపోతుంది.

ఎస్ఎస్‌డీ అయితే చెప్పడానికి బాధగా ఉంటుందిగానీ, ఆశ దాదాపు లేనట్టే. ఖాళీ అయిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు వెంటనే ఊడ్చేస్తుంది. వేగం కోసం పెట్టించుకున్న డిస్కు చెరపడంలోనూ అంతే వేగం చూపిస్తుంది. అప్పుడు వన్‌డ్రైవ్‌లోనో, మెయిల్లో ఎవరికైనా పంపిన ప్రతుల్లోనో, వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లోనో వెతుక్కోవాలి.

మరో కొత్త చిక్కు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే చాలా సిస్టంలలో డిస్కుకు తాళం దానంతటదే పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా 48 అంకెల కీ అడిగితే అది ఆ అకౌంటులోనే దొరుకుతుంది. అకౌంటు సర్వీసు కుర్రాడి పేరు మీద తెరిచి ఉంటే? అది మాత్రం వేసిన రోజే అడిగి తేల్చుకోవాలి.

సాయంత్రానికి షాపులో ప్రింటరు కదిలింది. మాస్టారి పుస్తకం మొదటి ఇరవై పేజీలు వేడివేడిగా బయటికొచ్చాయి. కబురందుకుని ఆయన కూతురు పరుగున వచ్చింది. ఆ స్టూలు మీదే కూర్చుని పేజీలు తిప్పింది. పద్నాలుగో పేజీ దగ్గర ఆగి, 'ఇక్కడ తప్పు పడిందండీ, కాలువ అని ఉండాలి, కాలవ అని పడింది' అంది.

'అది నేనూ అడిగానమ్మా. రెండుసార్లు దిద్దితే రెండుసార్లూ మళ్లీ కొట్టించారు. ఊళ్లో ఎవరూ కాలువ అనరు కదా అన్నారు' అన్నారావిడ, కళ్లజోడు సవరించుకుంటూ.

కూతురు ఆ పేజీని ఇంకోసారి చదివింది. అలాగే ఉంచేయమంది.